జావాలో కన్‌స్ట్రక్టర్ ఓవర్‌లోడింగ్: ఏ వరుసలో రాయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

ఆబ్జెక్ట్‌ను తయారుచేసేటప్పుడు నడిచే కోడే కన్‌స్ట్రక్టర్. ఒకే క్లాస్‌కు వేర్వేరు పారామీటర్లతో నాలుగైదు కన్‌స్ట్రక్టర్లు రాయడాన్నే ఓవర్‌లోడింగ్ అంటాం, అది పెద్ద కష్టమేమీ కాదు. రాసిన రోజున కంపైల్ కూడా అయిపోతుంది. కొన్నాళ్లకు కొత్త ఫీల్డ్ చేర్చాల్సి వచ్చినప్పుడో, ఎవరో నల్ (ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) పంపగానే కంపైలర్ మొరాయించినప్పుడో అసలు టెన్షన్ మొదలవుతుంది.

"ఏ కన్‌స్ట్రక్టర్ నడుస్తుందో ముందే ఎలా చెప్పాలి?", "దిస్ ఎక్కడ రాయాలి?", "నేను రాయకపోయినా ఉన్న డీఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ ఇప్పుడెందుకు లేదు?" అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. వాటికి జవాబులను మీరు పనిచేసే వరుసలోనే ఇస్తున్నాను.

మొత్తం పద్ధతి ఒక్క నియమం మీద నడుస్తుంది: ఆబ్జెక్ట్‌ను కట్టే పని ఒకే ఒక్క కన్‌స్ట్రక్టర్ చేయాలి. మిగతావి ఖాళీలు నింపి ఆ పనిని దానికి అప్పగించాలి, అంతే.

కింది కోడ్‌లో కీవర్డులను కూడా తెలుగు అక్షరాల్లో రాశాను. ఎడిటర్‌లో కీవర్డులు, జావా సొంత క్లాసుల పేర్లు ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. మన క్లాస్‌కు, ఫీల్డులకు మాత్రం తెలుగు పేర్లు పెట్టినా జావా ఒప్పుకుంటుంది.

## 1. కోడ్ కంటే ముందు కాగితం

ఉదాహరణకు పార్సిల్ బుకింగ్ తీసుకుందాం. పంపినవారి పేరు, చేరాల్సిన చోటి పిన్ కోడ్, గ్రాముల్లో బరువు, ఇన్సూరెన్స్ చేసిన విలువ, డెలివరీ విధానం అని ఐదు ఫీల్డులున్నాయి.

ప్రతి ఫీల్డ్ పక్కన ఒకే ప్రశ్న రాసుకోండి: ఇది లేకుండా ఈ ఆబ్జెక్ట్‌కు అర్థం ఉంటుందా?

పేరు, పిన్, బరువు లేని పార్సిల్ అంటూ ఉండదు. కాబట్టి అవి తప్పనిసరి. విలువ చెప్పకపోతే ఇన్సూరెన్స్ లేదని అర్థం, 0 సరిపోతుంది. విధానం చెప్పకపోతే మామూలు డెలివరీ.

బరువుకు 0 ఎందుకు పెట్టకూడదు? 0 గ్రాముల పార్సిల్ ఉండదు కనుక. డీఫాల్ట్ విలువ నిజంగా జరిగే పరిస్థితిని చెప్పాలి. "తర్వాత నింపుతారులే" అని 0, ఖాళీ స్ట్రింగ్, నల్ పెడితే అది డీఫాల్ట్ కాదు, తర్వాత బయటపడే బగ్. ఓవర్‌లోడింగ్‌లో నేను చూసే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. సింటాక్స్ వల్ల వచ్చేవి తక్కువే.

మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- తప్పనిసరి ఫీల్డుల జాబితా
- మిగతావాటికి డీఫాల్ట్ విలువలు, ఒక్కోదానికి ఒక కారణం
- ప్రతి ఫీల్డ్‌కు హద్దు: బరువు 0 కంటే ఎక్కువ, పిన్ సరిగ్గా 6 అంకెలు, మొదటి అంకె 0 కాకూడదు
- ఈ క్లాస్ వాడేవాళ్లకు నిజంగా అవసరమయ్యే కలయికలు

ఐదు ఫీల్డులున్నాయని సాధ్యమైన కలయికలన్నిటికీ కన్‌స్ట్రక్టర్లు రాయకండి. ఇక్కడ మూడు చాలు: తప్పనిసరివి మాత్రమే, వాటితో పాటు విలువ, ఆపై అన్నీ.

## 2. సిగ్నేచర్లు నిజంగా వేరా?

కన్‌స్ట్రక్టర్లు అన్నిటికీ క్లాస్ పేరే ఉంటుంది కాబట్టి కంపైలర్ వాటిని పారామీటర్లను బట్టే గుర్తుపడుతుంది, సిగ్నేచర్ అంటే ఇదే. అది చూసేవి మూడు: ఎన్ని ఉన్నాయి, ఏ టైపువి, ఏ వరుసలో ఉన్నాయి. పారామీటర్ పేరు, పబ్లిక్ లేదా ప్రైవేట్ అనే మాట, త్రోస్ జాబితా (రావచ్చని ముందే ప్రకటించే ఎర్రర్లు) లెక్కలోకి రావు.

అందుకే ఈ రెండూ ఒకే క్లాస్‌లో ఉండలేవు:

    పార్సిల్(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ పిన్)
    పార్సిల్(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ ఫోన్)

మనకు పిన్ వేరు, ఫోన్ వేరు. కంపైలర్‌కు రెండూ "స్ట్రింగ్, స్ట్రింగ్" మాత్రమే.

జెనరిక్స్‌తోనూ, అంటే లిస్ట్ లాంటివాటిలో ఏ టైపు ఉంటుందో చెప్పే పద్ధతితోనూ, ఇదే చిక్కు. స్ట్రింగ్‌ల లిస్ట్ తీసుకునేది ఒకటి, ఇంటీజర్‌ల లిస్ట్ తీసుకునేది ఇంకొకటి రాస్తే కుదరదు. కంపైల్ అయ్యాక ఆ టైపు వివరం తుడిచిపెట్టుకుపోయి రెండూ ఉత్త లిస్ట్‌గానే మిగులుతాయి.

వరుస మార్చి తేడా తెచ్చుకోవడం, అంటే "స్ట్రింగ్, ఇంట్" ఒకటి, "ఇంట్, స్ట్రింగ్" ఒకటి రాయడం, జావాలో చెల్లుతుంది. కానీ దయచేసి అలా రాయకండి. పిలిచే చోట చదివేవాళ్లకు రెంటికీ తేడా ఏమిటో అర్థం కాదు.

## 3. ముందు పూర్తి కన్‌స్ట్రక్టర్ రాయండి

చాలామంది చిన్న కన్‌స్ట్రక్టర్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతారు. మీరు తిరగేసి చేయండి. అన్ని ఫీల్డులూ తీసుకునేది మొదట రాయండి. తనిఖీలన్నీ అందులోనే ఉంచండి.

    పార్సిల్(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ పిన్, ఇంట్ గ్రాములు,
            లాంగ్ విలువ, డెలివరీ విధానం) {
        // పేరు, పిన్, బరువు, విలువ తనిఖీలు ఇక్కడే
        దిస్.పేరు = పేరు;
        దిస్.పిన్ = పిన్;
        దిస్.గ్రాములు = గ్రాములు;
        దిస్.విలువ = విలువ;
        దిస్.విధానం = విధానం;
    }

ఇక్కడ మూడు జాగ్రత్తలు.

ఫీల్డులను ఫైనల్‌గా (ఒక్కసారే విలువ ఇవ్వగలిగేలా) పెట్టండి. ఒక్క ఫీల్డ్ నింపడం మర్చిపోయినా కంపైలర్ అక్కడే ఆపుతుంది. ఫైనల్ లేకపోతే ఆ ఫీల్డ్ చప్పుడు చేయకుండా 0 గానో నల్ గానో ఉండిపోతుంది.

ఎడమవైపు దిస్ (ఇప్పుడు కడుతున్న ఆబ్జెక్ట్) మర్చిపోకండి. "పేరు = పేరు" అని రాస్తే పారామీటర్‌ను దానికే ఇచ్చినట్టవుతుంది, ఫీల్డ్ ఖాళీగా మిగులుతుంది.

సబ్‌క్లాస్ మార్చి రాసుకోగల మెథడ్‌ను కన్‌స్ట్రక్టర్ లోపల పిలవకండి. సబ్‌క్లాస్ ఫీల్డులు ఇంకా నిండకముందే ఆ మెథడ్ నడుస్తుంది. తనిఖీకి మెథడ్ కావాలంటే ప్రైవేట్ లేదా స్టాటిక్ (ఆబ్జెక్ట్ లేకుండానే పిలవగల) మెథడ్ రాసుకోండి.

## 4. మిగతావాటిని దిస్‌తో గొలుసు కట్టండి

    పార్సిల్(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ పిన్, ఇంట్ గ్రాములు, లాంగ్ విలువ) {
        దిస్(పేరు, పిన్, గ్రాములు, విలువ, డెలివరీ.మామూలు);
    }

    పార్సిల్(స్ట్రింగ్ పేరు, స్ట్రింగ్ పిన్, ఇంట్ గ్రాములు) {
        దిస్(పేరు, పిన్, గ్రాములు, 0);
    }

బ్రాకెట్లతో దిస్ రాస్తే అదే క్లాస్‌లోని ఇంకో కన్‌స్ట్రక్టర్‌ను పిలిచినట్టు. చిన్నది మధ్యదాన్ని, మధ్యది పూర్తిదాన్ని పిలుస్తుంది. రేపు పిన్ తనిఖీ మారితే ఒక్కచోట మార్చాలి. డీఫాల్ట్ విధానం మారినా ఒక్క లైనే.

అసైన్‌మెంట్లను మూడు కన్‌స్ట్రక్టర్లలో కాపీ చేసి పేస్ట్ చేశారనుకోండి. ఇవాళ అంతా బాగానే నడుస్తుంది. కొత్త తనిఖీ వచ్చిన రోజున రెండు చోట్ల చేర్చి మూడోది వదిలేస్తారు. అప్పుడు తప్పుడు పిన్ ఉన్న పార్సిల్ ఆ మూడో దారిలో లోపలికి వచ్చేస్తుంది.

దిస్ పిలుపు ఎక్కడ ఉండాలి? కన్‌స్ట్రక్టర్‌లో మొదటి స్టేట్‌మెంట్‌గా. జావా 25 నుంచి ఈ నియమం కొంత సడలింది. కట్టబోయే ఆబ్జెక్ట్‌ను వాడనంతవరకు దానికంటే ముందు తనిఖీలు, లెక్కలు రాసుకోవచ్చు. అంతకంటే పాత వెర్షన్‌లో ఉంటే, లెక్క చేసే పనిని స్టాటిక్ మెథడ్‌లో పెట్టి ఆ మెథడ్‌నే దిస్ బ్రాకెట్లలో పిలవండి. ఉదాహరణకు "750 గ్రా" అనే స్ట్రింగ్ నుంచి అంకె తీయాలంటే "దిస్(పేరు, పిన్, బరువుతీయి(రాత))" అని రాస్తే సరిపోతుంది.

దిస్ బదులు న్యూ రాయకండి. చిన్న కన్‌స్ట్రక్టర్ లోపల "న్యూ పార్సిల్(పేరు, పిన్, గ్రాములు, 0);" అని రాస్తే ఇంకో కొత్త ఆబ్జెక్ట్ తయారవుతుంది, ఆ లైను దాటగానే దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. మీరు కడుతున్న ఆబ్జెక్ట్ ఖాళీగానే ఉంటుంది. ఫీల్డులు ఫైనల్ అయితే కంపైలర్ పట్టేస్తుంది. కాకపోతే నడిచేటప్పుడు గానీ తెలియదు.

కాపీ కన్‌స్ట్రక్టర్ కూడా ఇదే గొలుసులోకి రావాలి. పాత పార్సిల్‌ను తీసుకుని దాని ఐదు ఫీల్డులను దిస్‌కు పంపితే చాలు. ఫీల్డుల్లో లిస్ట్ ఉంటే మాత్రం దాన్ని నేరుగా పంపకండి. రెండు ఆబ్జెక్టులూ ఒకే లిస్ట్‌ను పంచుకుంటాయి, ఒకదాంట్లో చేర్చింది రెండోదాంట్లో కనిపిస్తుంది. లిస్ట్‌కు కాపీ తీసి ఇవ్వండి.

## 5. కంపైలర్ దేన్ని ఎంచుకుంటుంది?

తీరిగ్గా చదవాల్సిన భాగం ఇదే. ఎంపిక కంపైల్ అయ్యేటప్పుడే జరిగిపోతుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వేరియబుల్‌లో అసలు ఏముందో చూడదు, మీరు ప్రకటించిన టైపునే చూస్తుంది.

మూడు విడతలుగా వెతుకుతుంది. ఒక విడతలో దొరికితే తర్వాతి విడతకు వెళ్లదు.

- మొదటి విడత: టైపు నేరుగా కుదరాలి, లేదా ఇంట్ నుంచి లాంగ్‌కు, సబ్‌క్లాస్ నుంచి పేరెంట్‌కు వెళ్లినట్టు సహజంగా విస్తరించాలి
- రెండో విడత: ఇంట్ నుంచి ఇంటీజర్‌కు వెళ్లే బాక్సింగ్ (ఉత్త అంకెను ఆబ్జెక్ట్‌లో చుట్టడం), దాని తిరుగుదారి అన్‌బాక్సింగ్ కూడా చూస్తుంది
- మూడో విడత: మూడు చుక్కల వేరియబుల్ ఆర్గ్యుమెంట్లు

ఒక క్లాస్‌కు లాంగ్ తీసుకునేది ఒకటి, ఇంటీజర్ తీసుకునేది ఒకటి ఉన్నాయి. మీరు 5 పంపారు. ఇంటీజర్‌దే దగ్గర అనిపిస్తుంది కదా? నడిచేది లాంగ్‌ది. అది మొదటి విడతలోనే దొరికిపోయింది, బాక్సింగ్ దాకా వెళ్లలేదు.

ఒకే విడతలో రెండు కుదిరితే ఎక్కువ నిర్దిష్టమైనదాన్ని తీసుకుంటుంది. ఆబ్జెక్ట్ ఒకటి, స్ట్రింగ్ ఒకటి ఉన్నచోట నల్ పంపితే స్ట్రింగ్‌ది నడుస్తుంది. అదే స్ట్రింగ్ ఒకటి, ఇంటీజర్ ఒకటి ఉంటే నల్ రెంటికీ సరిపోతుంది, రెంటిలో ఏదీ రెండోదానికంటే నిర్దిష్టం కాదు. అప్పుడు కంపైలర్ తేల్చలేనని చెప్పేస్తుంది. స్ట్రింగ్ ఒక్కటే తీసుకునేదానితో పాటు కాపీ కన్‌స్ట్రక్టర్ ఉన్న క్లాసుల్లో సరిగ్గా ఇదే ఎదురవుతుంది. నల్ ముందు బ్రాకెట్లలో టైపు రాస్తే కంపైల్ అవుతుంది. అసలు అక్కడ నల్ ఎందుకు పంపుతున్నామని అడుగుకోవడం అంతకంటే మంచిది.

జావా సొంత లైబ్రరీలోనే రెండు ఉదాహరణలు చూడండి.

స్ట్రింగ్‌ను ముక్కలుగా కూర్చే స్ట్రింగ్‌బిల్డర్‌కు స్ట్రింగ్ తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఉంది, ఇంట్ తీసుకుని అంత కెపాసిటీ కేటాయించేది ఉంది. ఒక్క అక్షరం, అంటే క్యారెక్టర్ తీసుకునేది లేదు. సింగిల్ కోట్స్‌లో ఇంగ్లిష్ పెద్ద బడి "ఏ" అక్షరం ఇచ్చి పిలిస్తే, ఆ అక్షరం దాని కోడ్ 65గా విస్తరించి ఇంట్ కన్‌స్ట్రక్టర్‌కు వెళ్తుంది. చేతికి వచ్చేది 65 కెపాసిటీ ఉన్న ఖాళీ బిల్డర్. ఎర్రర్ ఏమీ రాదు.

బిగ్‌డెసిమల్ ఇంకా ముఖ్యం, ఎందుకంటే డబ్బు లెక్కల్లో వాడతాం. దానికి డబుల్‌గా 0.1 ఇస్తే లోపల 0.1000000000000000055511151231257827021181583404541015625 చేరుతుంది. బైనరీ డబుల్‌లో 0.1 కచ్చితంగా ఇమడదు కనుక. కోట్స్‌లో పెట్టి స్ట్రింగ్‌గా ఇస్తే సరిగ్గా 0.1 వస్తుంది. చూడ్డానికి ఒకే పిలుపు, రెండు కోట్స్ తేడా. మీ క్లాస్‌లో ఓవర్‌లోడ్లు ఇలా వేర్వేరు ఫలితాలు ఇవ్వకుండా చూసుకోండి. ఏ దారిలో వచ్చినా అదే సమాచారానికి అదే ఆబ్జెక్ట్ రావాలి.

కంపైలర్ పట్టలేని తప్పు ఇంకొకటుంది. మన పార్సిల్‌లో బరువు 750, విలువ 2000 అనుకోండి. పొరపాటున 2000, 750 అని తిప్పి రాస్తే హాయిగా కంపైల్ అవుతుంది. పక్కపక్కనే రెండు అంకెలు తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఎక్కడున్నా ఈ ప్రమాదం ఉంటుంది. బరువుకు చిన్న క్లాస్ ఒకటి చేసుకుంటే ఆ తప్పు చేయాలన్నా చేయలేరు.

## 6. పేరు కావాల్సిన చోట కన్‌స్ట్రక్టర్ వద్దు

రెండో మెట్టులో పిన్‌కు, ఫోన్‌కు చిక్కు వచ్చింది కదా. అలాంటి చోట కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్ చేసి, పేరున్న స్టాటిక్ మెథడ్లు ఇవ్వండి: "పార్సిల్.పిన్‌తో(...)", "పార్సిల్.ఫోన్‌తో(...)". రెండూ లోపల అదే పూర్తి కన్‌స్ట్రక్టర్‌ను పిలుస్తాయి.

ఎప్పుడు మారాలో తేల్చుకోవడానికి ఈ గుర్తులు చాలు:

- ఒకే టైపు వరుస రెండు వేర్వేరు అర్థాలకు కావాల్సి వస్తోంది
- పిలిచే లైను చూసి ఏ అంకె ఏమిటో చెప్పలేకపోతున్నారు
- ఐచ్ఛిక ఫీల్డులు నాలుగైదు దాటి, నచ్చినవే ఎంచుకుని ఇవ్వాల్సి వస్తోంది

మూడో పరిస్థితికి బిల్డర్ పద్ధతి, అంటే కావాల్సిన ఫీల్డులను ఒక్కొక్కటిగా పేరుతో ఇచ్చి చివర్లో ఆబ్జెక్ట్ కట్టడం, సరిపోతుంది. రెండు ఐచ్ఛిక ఫీల్డులకే బిల్డర్ రాయడం మాత్రం అనవసరపు బరువు.

## 7. తరచూ కనిపించే ఎర్రర్లు, వాటి సవరణ

"నో సూటబుల్ కన్‌స్ట్రక్టర్ ఫౌండ్": మీరు పంపిన టైపులకు ఏదీ కుదరలేదు. కింద కంపైలర్ ఒక్కో కన్‌స్ట్రక్టర్ ఎందుకు పనికిరాలేదో రాస్తుంది, చాలామంది అది చదవరు. ఇంట్ కావాల్సిన చోట లాంగ్ లేదా డబుల్ వెళ్లడం మామూలు కారణం.

ఆర్గ్యుమెంట్లు లేకుండా పిలిస్తే ఎర్రర్: మీరు ఒక్క కన్‌స్ట్రక్టర్ కూడా రాయనంతవరకే కంపైలర్ ఖాళీది ఇస్తుంది. ఒక్కటి రాయగానే అది ఇక రాదు. నిజంగా అవసరమైతేనే మీరే రాయండి.

"రిఫరెన్స్ టు ... ఈజ్ యాంబిగ్యువస్": ఐదో మెట్టులో చెప్పిన నల్ సమస్య.

"రికర్సివ్ కన్‌స్ట్రక్టర్ ఇన్వొకేషన్": దిస్ గొలుసు తిరిగి మొదటికే వచ్చింది. ఒకటి రెండోదాన్ని, అది మళ్లీ మొదటిదాన్ని పిలుస్తోంది. గొలుసు ఎప్పుడూ పూర్తి కన్‌స్ట్రక్టర్ దగ్గరే ఆగాలి.

"వేరియబుల్ మైట్ ఆల్‌రెడీ హ్యావ్ బీన్ అసైన్డ్": దిస్ పిలిచాక అదే ఫైనల్ ఫీల్డ్‌ను మళ్లీ నింపుతున్నారు. రెండోసారి రాసిన లైను తీసేయండి.

ఎర్రర్ లేదు, కానీ కన్‌స్ట్రక్టర్ నడవడం లేదు: పేరు ముందు వాయిడ్ ఉందేమో చూడండి. రిటర్న్ టైపు పెట్టగానే అది క్లాస్ పేరుతో ఉన్న మామూలు మెథడ్ అయిపోతుంది. క్లాస్‌లో వేరే కన్‌స్ట్రక్టర్ లేకపోతే కంపైలర్ ఖాళీది ఇచ్చేస్తుంది కాబట్టి "న్యూ పార్సిల్()" కూడా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

## 8. సబ్‌క్లాసులు, ఫ్రేమ్‌వర్కులు

కన్‌స్ట్రక్టర్లు వారసత్వంగా రావు. పార్సిల్‌కు మూడున్నాయని "అంతర్జాతీయ పార్సిల్" అనే సబ్‌క్లాస్‌కు అవి అందవు. అందులో మళ్లీ రాసి, సూపర్‌తో పేరెంట్‌ది పిలవాలి. సూపర్ రాయకపోతే కంపైలర్ ఆర్గ్యుమెంట్లు లేని సూపర్‌ను తనే చేర్చుకుంటుంది. పేరెంట్‌లో అలాంటిది లేకపోతే ఎర్రర్ సబ్‌క్లాస్‌లో కనిపిస్తుంది, కారణం మాత్రం పేరెంట్‌లో ఉంటుంది.

ఒకే కన్‌స్ట్రక్టర్‌లో దిస్, సూపర్ పిలుపులు రెండూ రాయలేరు. ఇక్కడ కూడా సబ్‌క్లాస్ పూర్తి కన్‌స్ట్రక్టర్ ఒక్కటే సూపర్‌ను పిలవాలి.

జేపీఏ ఎంటిటీలకు (డేటాబేస్‌లో దాచే ఆబ్జెక్టుల క్లాసులకు) ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ తప్పనిసరి, అది పబ్లిక్ లేదా ప్రొటెక్టెడ్ కావాలి. అలాంటి చోట ప్రొటెక్టెడ్ పెట్టండి. ఫ్రేమ్‌వర్క్ పని జరుగుతుంది, మిగతా కోడ్ పొరపాటున ఖాళీ పార్సిల్ తయారుచేసే అవకాశం తగ్గుతుంది.

రికార్డులు (డేటా పట్టుకోవడానికే ఉన్న జావా క్లాసులు) వాడుతుంటే ఈ మార్గదర్శిలోని ముఖ్య నియమాన్ని భాషే మీ చేత పాటింపజేస్తుంది. అదనంగా రాసే ప్రతి కన్‌స్ట్రక్టరూ దిస్‌ను పిలిచి చివరికి ప్రధాన కన్‌స్ట్రక్టర్‌కే చేరాలి.

## 9. వేరే భాష నుంచి వచ్చారా?

పైథాన్‌లో ఇనిట్ (అక్కడ కన్‌స్ట్రక్టర్ పని చేసేది) రెండుసార్లు రాస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అక్కడ డీఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు, క్లాస్‌మెథడ్ వాడాలి. జావాస్క్రిప్ట్‌లో ఒక క్లాస్‌కు ఒకే కన్‌స్ట్రక్టర్, రెండోది రాస్తే సింటాక్స్ ఎర్రర్. సీషార్ప్‌లో దిస్ పిలుపు బాడీ లోపల కాకుండా కోలన్ పెట్టి హెడర్‌లో రాస్తారు. సీ ప్లస్ ప్లస్‌లో ఇలా ఒకదాన్నుంచి ఒకటి పిలిచే వీలు 2011 ప్రమాణంతో వచ్చింది. కోట్లిన్‌లో పారామీటర్లకే డీఫాల్ట్ విలువలు ఇవ్వొచ్చు కనుక ఓవర్‌లోడ్ల అవసరమే చాలావరకు ఉండదు.

## 10. పరీక్ష, ఆ తర్వాతి మార్పులు

ప్రతి కన్‌స్ట్రక్టర్‌కు కనీసం ఈ పరీక్షలు రాయండి:

- చిన్న కన్‌స్ట్రక్టర్‌తో కట్టి, ఐదు ఫీల్డులూ ఒక్కొక్కటిగా చూడండి
- అవే విలువలతో పూర్తి కన్‌స్ట్రక్టర్‌తో కట్టి, రెండూ సమానమేనా చూడండి
- 5 అంకెల పిన్, 0 బరువు, నల్ పేరు మూడింటినీ ప్రతి దారిలోనూ పంపండి, అన్నీ తిరస్కరించాలి
- బరువు, విలువ వేర్వేరు అంకెలుగా ఇవ్వండి, రెంటికీ ఒకటే అంకె ఇస్తే తారుమారు తప్పు దొరకదు

చాలామంది వాడుతున్న క్లాస్‌కు కొత్త ఓవర్‌లోడ్ చేర్చేటప్పుడు ఇంకొంత ఓపిక కావాలి. ఏ కన్‌స్ట్రక్టర్‌ను పిలవాలన్నది కంపైల్ అయిన ఫైల్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి పాత జార్ ఫైళ్లు (కంపైల్ చేసిన కోడ్ ఉన్న ఫైళ్లు) పాతదాన్నే పిలుస్తూ ఉంటాయి. అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేస్తే ఎంపిక మారొచ్చు. లాంగ్ ఒక్కటే ఉన్న క్లాస్‌కు మీరు ఇంట్ కన్‌స్ట్రక్టర్ చేర్చారంటే, నిన్నటిదాకా లాంగ్‌కు వెళ్లిన 5 ఇకమీద ఇంట్‌కు వెళ్తుంది. నల్ పంపే పాత లైన్లు అసలు కంపైలే కాకపోవచ్చు.

అందుకే చేర్చే ముందు ఐడీఈలో ఆ క్లాస్‌ను పిలిచే చోట్లన్నీ వెతికి చూడండి. చేర్చాక దాన్ని వాడే ప్రాజెక్టులను క్లీన్ బిల్డ్ చేసి పరీక్షలు నడపండి. అనుమానం మిగిలితే కొత్త కన్‌స్ట్రక్టర్ మానేసి, ఆరో మెట్టులో చెప్పినట్టు పేరున్న స్టాటిక్ మెథడ్ ఇవ్వండి. పాత పిలుపుల్లో ఒక్కటి కూడా దారి మారదు.